తలలు లెక్కపెట్టిన ఉద్యోగం

ముందుగా నా తెలివితక్కువతనం

ఇరవై ఆరేళ్లు నేను చేసిన అసలు ఉద్యోగం తలలు లెక్కపెట్టడం. కంపెనీ కాగితాల్లో దానికి ఇంకా మర్యాదైన పేర్లు ఉండేవి. హైదరాబాదులో మా కంపెనీకి విదేశీ ఆసుపత్రుల బిల్లులు వచ్చేవి. అవి బీమావాళ్లకు వెళ్లేముందు వాటిలో తప్పులు పట్టి పంపాలి. తప్పులు పట్టే ఆ విభాగానికి నేను మేనేజర్ని. పొద్దున తొమ్మిదిన్నరకు కాఫీ కప్పు పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవాణ్ణి. అన్ని తలలూ కనిపిస్తే పని జరుగుతున్నట్టే లెక్క. ఒక్క తల తక్కువైతే నా తల తిరిగేది. అదే నా తలరాత అనుకున్నాను గానీ, ఆ తలల్లో ఏముందో చూడాలని ఒక్కనాడూ తట్టలేదు.

ఇంతకన్నా పెద్ద తెలివితక్కువతనం ఇంకొకటుంది. నేను పుట్టింది బందరు చిలకలపూడిలో. బోర్డుల మీద మచిలీపట్నం అని ఉంటుంది, మాకు బందరే. అక్కడ రోల్డుగోల్డు నగల పనిలో చాలా భాగం ఇళ్లలోనే జరుగుతుంది. పొద్దున షాపు నుంచి సరుకు మూటగా వస్తుంది. ఆడవాళ్లు వంటయ్యాక వరండాలో కూర్చుని గొలుసులకు కొక్కేలు తగిలిస్తారు, కమ్మలకు రాళ్లు పెడతారు. సాయంత్రానికి మూట వెనక్కి వెళ్తుంది. మా అమ్మ ఈ పని చేసింది. మా అక్క ఇప్పటికీ చేస్తోంది. ఇంట్లో కూర్చుని పనిచేసిన చేతుల అన్నం తిని పెరిగిన నేను, ఇంట్లో కూర్చుంటే పని జరగదని జీతం తీసుకుని మరీ పాఠాలు చెప్పాను. రోల్డుగోల్డు ఊరివాణ్ణి కదా, నా మేనేజరుతనానికీ పైపూతే ఉండేది. గీకితే ఇత్తడి.

ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చేవాళ్లు, వాళ్ల మీద మేనేజర్లుగా వచ్చేవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వచ్చినవే రెండు. ఆ రెండూ నా ముందున్నవాళ్లు మానేస్తే వచ్చినవి.

నాగమణి అడిగింది, నేను కాదన్నది

నాగమణిది మా విభాగంలో అందరికన్నా మంచి కన్ను. నూరు పేజీల బిల్లు తిరగేసి, నవ్వకుండా వచ్చి నా ముందు నిలబడేది.

"సార్, ఈయనకి రెండేళ్లలో రెండుసార్లు అపెండిక్స్ తీశారండి."

"మనిషికి ఒకటే కదమ్మా ఉండేది?"

"అదేనండి. మూడోది కూడా తీసేలోపు ఆపుదామని వచ్చాను."

ఆమెది అవనిగడ్డ. దివిసీమలోనే నాగాయలంక సంబంధం కుదిరింది. పెళ్లికొడుక్కి అక్కడ చేపల మేత దుకాణం ఉంది. కార్డులు పంచిన రోజే నా గదిలోకి వచ్చి, ఇంట్లో నెట్ పెట్టించుకుంటానని, అక్కడి నుంచే పని చేస్తానని అడిగింది. అప్పటికి కరోనా మాట ఎవరికీ తెలియదు. అడగడమే వింతగా తోచింది నాకు.

"ఇంట్లో కూర్చుంటే పని ఇంటిపనే అవుతుందమ్మా" అన్నాను, చాలా గొప్ప మాట అన్నాననుకుని.

"మరి ఇక్కడుంటే ఆఫీసు పనే అవుతుందాండి? మొన్న శుక్రవారం మధ్యాహ్నమంతా ఎవరి పుట్టినరోజు చేశామండి?"

పుట్టినరోజు నాదే. కేకు కోసింది నేనే. అయినా రూలు రూలే అన్నాను. ఆమె రాజీనామా రాసిచ్చి, చివరిరోజు సాయంత్రం దాకా బిల్లులు చూసి మరీ వెళ్లింది.

ఆమె చోట్లో ఇద్దరిని వేశాను. మూడు నెలలకు ఘోరమైన తప్పున్న బిల్లొకటి మా చేతుల మీదుగా దాటిపోయింది. క్లయింటు గోల పెట్టాడు. మా పై అధికారి నన్ను పిలిచారు. ఆయన పేరెందుకు, పెద్దాయన అందాం. నాలాగే కింది నుంచి పైకొచ్చిన మనిషి. ఒకప్పుడు బిల్లులు చూడటంలో మొనగాడు.

"ఎలా జరిగిందయ్యా మూర్తీ?"

"తెలీడం లేదండీ. ఆ రోజు అందరూ హాజరేనండీ" అన్నాను.

నా జవాబు ఎంత దండగమాటో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. విచిత్రమేమిటంటే, ఆ జవాబుతో ఆయన తృప్తి పడ్డారు. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే, కాకపోతే పదేళ్లు ఆలస్యంగా: మనిషి కళ్లముందు ఉన్నాడన్న ధైర్యం ఎంత చెడ్డదంటే, అది ఉన్నవాడు పని వంక చూడడు.

బందరులో పుట్టి, బందీనై

నేను ఇరవై రెండో ఏట ఊరు వదిలాను. ఏ మేనేజరూ పైకి చెప్పని సంగతొకటి చెబుతాను: అందరినీ ఆఫీసులో కట్టిపడేసిన నాకే అక్కడ ఉండబుద్ధి అయ్యేది కాదు. సాయంత్రం నాలుగింటికి బందరులో సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. చొక్కా ఒంటికి అంటుకుంటుంది, పెదాల మీద ఉప్పు తెలుస్తుంది. ఏసీ హాల్లో కూర్చుని సరిగ్గా నాలుగింటికి నేను నాలికతో పెదాలు తడుముకునేవాణ్ణి. ఫోన్లో రెండు ఊళ్ల వాతావరణం పెట్టుకున్నాను. హైదరాబాదుది ఎప్పుడూ చూడలేదు, దానికి కిటికీ ఉందిగా. ఊరికే బందరుది చూసేవాణ్ణి. అక్కడ వాన అని ఉంటే, ఎండలో నడుస్తూ కూడా చెప్పులు తడిసినట్టుండేది.

అంత దిగులున్నవాడు ఇంకొకరి దిగులు అర్థం చేసుకోవాలి కదా? చేసుకోలేదు. నేను ఓర్చుకుంటున్నానుగా, వాళ్లకేం అనుకున్నాను. చాలా రూళ్లు ఇలాగే పుడతాయని నా అనుమానం. మనం వదులుకున్నది పక్కవాడికి దొరికితే చూడలేక రాసేవే సగం.

కరోనా వచ్చి ఆఫీసుకు తాళం పడింది. మా ఆవిడా నేనూ రెండు పెట్టెలతో బందరు వచ్చి అక్క ఇంటి మేడ మీది గదిలో దిగాం. కింద వరండాలో అక్క కమ్మలకు రాళ్లు పెడుతుంటే, పైన నేను ల్యాప్‌టాప్ ముందు. కష్టం వచ్చి లోకమంతా ఏడుస్తుంటే, నాకు లోపల్లోపల పండగ్గా ఉండేది. అందుకు సిగ్గుపడ్డాను కూడా. సిగ్గుపడుతూనే నాలుగింటికి డాబా మీదికి వెళ్లి గాలికి నిలబడేవాణ్ణి.

నా రూలు చేసిన నిర్వాకం

మనుషులు చాలక, చివరికి నాగమణికే ఫోన్ చేశాను. నాగాయలంక నుంచే చేయవచ్చు, మళ్లీ చేరతావా అని అడిగాను.

"ఇప్పుడు మా ఇంట్లో ఆఫీసు పని అవుతుందంటారాండి?"

"అవుతుందమ్మా. అప్పుడు నాకు బుద్ధి లేదు."

"అప్పుడు అనకండి సార్. నాలుగేళ్లే కదా అయింది" అని చేరింది.

బుద్ధి వచ్చిందనుకున్నాను గానీ, తలలు లెక్కపెట్టే అలవాటు పోలేదు. రోజూ తొమ్మిదిన్నరకు అందరూ వీడియోలో ముఖం చూపించాలని రూలు పెట్టాను. చుక్కల్లా పదకొండు ముఖాలు తెర మీద కనిపిస్తే ప్రాణం కుదుటపడేది. ఆ తరవాత రోజంతా ఎవరేం చేస్తున్నారో అడగను. నిఘా పెట్టి నేను నిద్రపోయానన్నమాట.

ఆ ఏడు వాయుగుండం పట్టి దివిసీమ అంతా కరెంటు పోయింది. తొమ్మిదిన్నరకు నాగమణి ముఖం లేదు. పన్నెండింటికి వచ్చింది, తడిసిన జుట్టుతో, వెనక ఎవరిదో టీకొట్టు.

"ఎక్కడున్నావమ్మా? పని ఆగిపోయింది కదా?"

"ఆగలేదండి, ఆపానండి" అంది. "కరెంటు పోతుందని తెలిసి నిన్న సాయంత్రమే బిల్లులన్నీ దింపి పెట్టుకున్నాను. బ్యాటరీ మూడు గంటలు వస్తుంది, పొద్దున్నే కూర్చుంటే అయిపోయేవి. కానీ మీకు ముఖం చూపించాలి కదండి. అక్కడ సిగ్నల్ లేదు. మా ఆయన బండి మీద అవనిగడ్డ వచ్చాను. చూశారుగా సార్, ఇదే నా ముఖం. ఇంక వెళ్లి పని చేసుకోనా?"

పని చేస్తున్నట్టు చూపించడానికి ఆమె పని మానాల్సి వచ్చింది. వానలో ఇరవై కిలోమీటర్లు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఈ సంగతి అక్కకు చెప్పి, "నిన్ను చూడకుండా మీ షాపాయన ఎలా నమ్ముతాడక్కా?" అని అడిగాను.

"నన్నెందుకు చూడాల్రా?" అంది అక్క, వింతగా. "సరుకు చూస్తాడు. రాయి ఊడిందా, మూట వెనక్కొస్తుంది. ఊడలేదా, ఇంకో మూట వస్తుంది. నలభై ఏళ్లలో ఆయన మా వీధి మలుపు దాకా కూడా రాలేదు." నాకు పప్పు వడ్డిస్తూ, "నీకు ఇన్నాళ్లు జీతం ఎందుకిచ్చార్రా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

మర్నాటి నుంచి ముఖాల రూలు తీసేశాను. రోజూ ప్రతి ఒక్కరి పనిలోంచి నాలుగు బిల్లులు తీసి నేనే చూడటం మొదలుపెట్టాను. చెప్పుకోకూడదు గానీ, ఇరవై ఏళ్ల తరవాత నేను పని చేసింది అప్పుడే. కళ్లు మండేవి, నడుం పట్టేసేది. ఎంత బాగుండేదో.

ఎవరికేం లాభం

కంపెనీలు ఇంటి నుంచి పనికి దయతో ఒప్పుకోలేదు, ఆ భ్రమ పెట్టుకోవద్దు. అంతస్తుల అద్దె తగ్గుతుంది. ఊరు కదలని మంచి పనివాళ్లు దొరుకుతారు. దొరికినవాళ్లు తొందరగా మానరు. పనివాళ్లు కూడా సుఖం మరిగి అడగడం లేదు. రోజుకు మూడు గంటలు బస్సులో నిలబడి, మిగిలిన ప్రాణంతో పని చేసేకంటే, ఉన్న ప్రాణమంతా పనికే ఇద్దామని అడుగుతున్నారు. ఇద్దరి లాభాలూ వేరు. అవి ఒకేచోట కలిశాయి. అంతకుమించి సిద్ధాంతం లేదు.

నష్టాలూ ఉన్నాయి. ఇంట్లో ఉన్నావుగా అని గ్యాస్ సిలిండరు నీ చేతే దింపిస్తారు. చుట్టాలు నీకు ఉద్యోగం పోయిందనుకుంటారు. మా వీధి చివర కొట్టాయన ఏడాదిపాటు నన్ను చూసి జాలిపడి, కొసరు ఎక్కువ వేశాడు. నేనూ కాదనలేదు.

కారణం రాయండి

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు పెద్దాయన దగ్గర నుంచి ఉత్తరువు వచ్చింది: అందరూ హైదరాబాదు రావాలి. రాలేనివాళ్లు నెలలోపు ఒక ఫారంలో కారణం రాసిస్తే పరిశీలిస్తారు. లేకపోతే రాజీనామా ఇవ్వాలి. నేను రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. డెల్టా ఊళ్లలో ఇళ్ల నుంచి పనిచేస్తున్న మా పదకొండు మందిలో ఎక్కువమంది తలొంచారు, ఏదో ఒక గది అద్దెకు తీసుకుంటామన్నారు. నాగమణి రానంది.

ఆమె చేత ఒకసారి ఉద్యోగం మాన్పించింది నేను. మళ్లీ నా సంతకంతోనే రెండోసారీ పోబోతోంది. ధైర్యవంతుడైతే అప్పుడే హైదరాబాదు వెళ్లి పోట్లాడేవాడు. నేను నాగమణికి ఫోన్ చేసి అబద్ధం నేర్పబోయాను.

"నడుంనొప్పని రాసెయ్యమ్మా. ప్రయాణం చెయ్యకూడదని డాక్టరు చీటీ ఒకటి జతచెయ్యి."

"నాకు నడుంనొప్పి లేదు కదండి."

"పోనీ, పిల్లాడి చదువు?"

"వాడింకా మాటలే నేర్చుకుంటున్నాడండి."

"మరి ఏదో ఒక కారణం ఉండాలి కదమ్మా!"

"ఉందండి. నాకిక్కడ బాగుంటుంది. పొద్దున పని మొదలెట్టేముందు రేవు దాకా నడిచి, కృష్ణ చూసి వస్తాను. అది చూశాక తప్పు ఎక్కడున్నా కనపడుతుంది నాకు. ఆ ఫారంలో ఇది రాయడానికి చోటుందాండి?" అని, కొంచెం గొంతు తగ్గించి, "రోజంతా అబద్ధపు బిల్లులు పట్టుకునేదాన్ని సార్. నేనే ఒకటి రాసివ్వనా?" అంది.

ఫోన్ పెట్టేసి డాబా మీదికి వెళ్లి గాలికి నిలబడ్డాను. ముప్పై ఏళ్లుగా నాకున్న కారణమూ అదే. నాకు బందరులో బాగుంటుంది. దాన్నెప్పుడూ నోరు తెరిచి అనలేదు, అదొక కారణమని తెలియక.

వారం తిరక్కుండా హైదరాబాదు వెళ్లాను. చేతిలో నలభై బిల్లుల కట్ట. సగం అప్పటికే తిరిగొచ్చిన వేరే విభాగాలవాళ్లు ఆఫీసు అంతస్తులో చూసినవి, సగం డెల్టాలో ఇళ్ల నుంచి చూసినవి. పేర్లన్నీ తీసేశాను. పెద్దాయన బల్ల మీద పెట్టి, "మీ అంత కన్ను ఇక్కడెవరికీ లేదండీ. బాగున్నవి ఒక పక్కన, బాగాలేనివి ఒక పక్కన పెట్టండి" అన్నాను. పొగడ్త పనిచేసింది. కళ్లద్దాలు పెట్టుకుని చొక్కా చేతులు మడిచారు. రెండు గంటలు తల ఎత్తలేదు. ఆ మనిషి మొహంలో నాకు పాతికేళ్లనాటి పనివాడు కనిపించాడు. ఆయనకూ బెంగే, నాకు ఊరి మీద, ఆయనకు పని మీద. మా ఇద్దరినీ మేనేజర్లను చేసి చెడగొట్టారు.

బాగున్న కట్టలోంచి ఒకటి తీసి ఊపుతూ, "ఇదిగో! ఇదయ్యా పనంటే. పది మందిలో కూర్చుని చేస్తేగానీ ఇంత నికార్సుగా రాదు" అన్నారు.

"అది నాగాయలంకలో చేసిందండీ."

ఇంకొకటి తీశారు. అదీ నాగమణిదే. ఆ కట్టలో ఎక్కువ మావాళ్లవే. ఆయన రెండో కట్టలోకి చెయ్యిపెట్టి, అన్నిటికన్నా అధ్వాన్నంగా ఉన్నదాన్ని బయటికి లాగారు.

"మరిది?"

నా దగ్గర ఉన్న జాబితా చూశాను. హారికది. మొవ్వలో ఇంటి నుంచి పనిచేస్తున్న కొత్తమ్మాయి. "ఇదీ మాదేనండీ" అన్నాను.

"చూశావా!" అన్నారాయన. నిజం చెప్పొద్దూ, ఆయన అన్నదాంట్లో నిజముంది. హారిక చేరినప్పటి నుంచి ఒక్క గదిలో ఒంటరిగా కూర్చుంది. తెలియనిది అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు. పక్కన కూర్చున్నవాళ్ల పని ఓరకంట చూసి నేర్చుకునే చదువు ఒకటుంటుంది, దాన్ని నెట్‌లో ఎవరూ పంపలేరు. మా అక్క కూడా రాళ్లు పెట్టడం అమ్మ మోకాలి పక్కన కూర్చునే నేర్చుకుంది. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇదే: మొదటి ఏడాది ఎవరి పక్కనైనా కూర్చోండి. ఆ తరవాత ఎక్కడైనా కూర్చోండి.

అక్కడ బేరం కుదిరింది. పనొచ్చినవాళ్లు ఇంటి నుంచి చేయవచ్చు. కొత్తవాళ్ల కోసం నెలకు రెండు మంగళవారాలు అందరూ ఒకచోట కలవాలి. కారణం అన్న గడి ఫారంలోంచి తీసేస్తారు. "ఆరు నెలలు చూద్దాం" అన్నారు పెద్దాయన. నాగమణికి ఫోన్ చేసి చెబితే, "అయితే ఇంక రేవుకు వెళ్లిరావడం ఆఫీసు పనేనాండి?" అంది. అవునన్నాను.

గుడివాడ మంగళవారాలు

అందరికీ అందే ఊరని గుడివాడ ఎంచుకున్నాం. అక్కడ ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద గది పగలంతా ఖాళీ. నేను చిలకలపూడిలో ప్యాసింజరు ఎక్కేవాణ్ణి. పెడన, కవుతరం, గుడ్లవల్లేరు, రెండు పక్కలా వరి. నాగమణి రెండు బస్సులు మారి, నెలకోసారైనా రొయ్యల వేపుడు తెచ్చేది. హారిక ఆమె పక్కన కూర్చునేది.

"అక్కా, ఇది తప్పని నీకెలా తెలిసింది?"

"తెలీదే. ముందు అనుమానం వస్తుంది. అప్పుడు కాసేపు నీళ్లు తాగొచ్చి మళ్లీ చూడు."

ఏడాది తిరిగేసరికి హారిక పని చూస్తే నాగమణిదేమో అనిపించేది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ బల్లల మీదికి వచ్చేది. పదకొండు మందీ తలలు వంచి పని చేస్తుంటే గదిలో కీబోర్డుల చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. నేను వాళ్లను లెక్కపెట్టేవాణ్ణి కాదు. ఊరికే చూసేవాణ్ణి. ఇంత మంచి ఉద్యోగం నాకుందని తెలిసేసరికి, అది అయిపోవచ్చింది. ముప్పై ఏళ్లు పని ఉన్నచోట ఊరి కోసం బెంగపెట్టుకున్నాను. ఇప్పుడు ఊళ్లో ఉన్నాను. మంగళవారం పొద్దున చిలకలపూడిలో రైలు కూస్తే, చేతులు వాటంతటవే సంచీ వెతుకుతాయి.

చివరి వారం

ఆరు నెలలు గడిచాయి, ఏడాది అయింది. కంపెనీ ఒక అంతస్తు వదిలేసి అద్దె మిగుల్చుకుంది. పెద్ద మీటింగులో పెద్దాయన లేచి, మనిషిని కాదు పనిని చూడాలన్నది మొదటి నుంచీ తన సిద్ధాంతమని చెప్పారు. మా అక్క మాట అంత ఖరీదైన హాల్లో వినిపించినందుకు సంతోషించి చప్పట్లు కొట్టాను.

నా చివరి వారంలో ఆయనే ఫోన్ చేశారు.

"మూర్తీ, రిసెప్షన్ గోడకు మీ డెల్టా టీము ఫోటో పెద్దది కట్టిస్తున్నాం. క్లయింట్లు చూస్తారు. అందరూ ఆఫీసులో కూర్చుని పని చేస్తున్నట్టు ఉండాలయ్యా. మెడలో కార్డులు మరిచిపోవద్దు."

"మాకు ఆఫీసు లేదు కదండీ. మంగళవారానికి ఇంకా వారం రోజులుంది."

"ఆ గుడివాడ గది ఉందిగా? రేపు అందరినీ పని ఆపి రమ్మను. ఒక్క పూటే."

అలాగేనండీ అన్నాను. ఇరవై ఆరేళ్లుగా నా నోటికి బాగా అలవాటైన మాట అది. ఎవరికీ ఫోన్ చేయలేదు. మర్నాడు నా పని మాని, ఒక్కణ్ణే రైలెక్కి గుడివాడ వెళ్లాను. ట్యూషన్ గది తలుపులు తీసి, కిటికీలు తెరిచి, నాతో కలిపి పన్నెండు మందికీ పన్నెండు కుర్చీలు వరసగా వేశాను. గోడకు ఆనుకుని ఫోటో తీసి, అక్కడే కూర్చుని పెద్దాయనకు పంపాను. కింద ఒక్క వాక్యం రాశాను: "మా డెల్టా టీము. అందరూ పనిలో ఉన్నారు."

తెరిచి చూసినట్టు లేదు. "వెరీ గుడ్" అని జవాబిచ్చి, చట్రం కట్టేవాళ్లకు పంపేశారు. మొన్న హారిక ఏదో పని మీద హైదరాబాదు వెళ్లి చూసొచ్చింది. వాక్యంతో సహా గోడ మీద ఉందట. చాలా పెద్దదట. క్లయింట్లు దాని ముందు ఆగి నవ్వుతారట, పెద్దాయన కూడా అది తన ఆలోచనేనని చెప్పుకుంటున్నారట.

చెప్పుకోనీ. కిటికీ పక్కన, కొసన ఉన్న కుర్చీ నాది. గోడ మీదున్న ఆ వాక్యం పదకొండు కుర్చీలకు నిజం. ఆ ఒక్కదానికే అబద్ధం.